షామీర్‌పేటను చదివిన శాస్త్రం



ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి డోస్త్ ప్రవేశాలు ముగిసే వరకు మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతాల తల్లిదండ్రులు సలహా కోరుతూ మా వద్దకు వస్తూనే ఉంటారు. ఒకప్పుడు ఇంజనీరింగా, ఫార్మసీయా అన్నదే ప్రశ్న. ఇప్పుడు అబ్బాయి గేమ్ డెవలప్‌మెంట్ అంటున్నాడు, అమ్మాయి సోషియాలజీ అంటున్నది. మొదటిది ఆట, రెండవది కాలక్షేపం అని తండ్రుల అభిప్రాయం. అయినప్పటికీ అబ్బాయి కోసం అప్పు చేయడానికైనా సిద్ధపడతారు. అమ్మాయిని మాత్రం "అది చదివి ఏం చేస్తావమ్మా?" అన్న ఒక్క మాటతో కూర్చోబెడతారు. ఈ తూకం సరైనది కాదు.

సోషియాలజీ ఎక్కడి నుండో వచ్చిన విద్య అనుకునేవారు తమ ఊరి చరిత్ర తెలుసుకోవాలి. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ అధ్యాపకుడు శ్యామాచరణ్ దూబే తన బృందంతో వచ్చి అధ్యయనం చేసిన గ్రామం మన షామీర్‌పేటయే. ఆ ఊరి కులాలు, కుటుంబాలు, జీవనోపాధులు, పండుగలు, హిందూ ముస్లిముల ఇరుగుపొరుగు సంబంధాలు అన్నీ ఆయన వ్రాసుకున్నారు. 1955లో 'ఇండియన్ విలేజ్' అన్న పేరుతో అది గ్రంథంగా వెలువడి, భారతీయ గ్రామాన్ని అర్థం చేసుకోగోరిన విద్యార్థులకు దేశవిదేశాలలో పాఠ్యమైనది. నేడు అదే షామీర్‌పేట పరిసరాలలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది, బిట్స్ ప్రాంగణం ఉన్నది, జీనోమ్ వ్యాలీ కంపెనీలున్నాయి, ఔటర్ రింగ్ రోడ్డు ఉన్నది. పొలాలు ప్లాట్లయిన తరువాత కౌలురైతు ఇంటి ఆడపిల్ల ఏమైనది, దర్జీ కొడుకు ఏ పనికి పోతున్నాడు అన్నది ఆ ఊరి బిడ్డలే వ్రాస్తే ఎంత బాగుంటుంది!

ఇది కేవలం పుస్తకాల ముచ్చట కాదు. విద్యలో, ఉద్యోగాలలో మన వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ క్రింద లభిస్తున్న 4 శాతం రిజర్వేషన్ సంగతి చూడండి. 2007 నాటి ఆ చట్టాన్ని 2010లో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటుతనాన్ని నిర్ధారించిన సర్వే శాస్త్రీయంగా లేదన్నది అందుకు చూపిన కారణాలలో ఒకటి. సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నేటికీ కొనసాగుతున్నది. అంటే మన పిల్లల సీట్లు చివరకు ఒక సామాజిక సర్వే నాణ్యత మీద ఆధారపడి ఉన్నాయన్నమాట! ఏ ఇంటికి వెళ్ళి ఏ ప్రశ్న అడగాలి, వచ్చిన జవాబును ఎలా లెక్కగట్టాలి అన్నదే సోషియాలజీ నేర్పే విద్య. 2006 నాటి సచార్ కమిటీ నివేదికను సభలలో ఉటంకించే మనం, అటువంటి నివేదిక వ్రాయగల అమ్మాయిని ఇంట్లో కూర్చోబెట్టడం ఏమి వివేకం? మదర్సాలో మేము గౌరవంగా పేరు తలచుకునే ఇబ్నె ఖల్దూన్ 1377లో వ్రాసిన 'ముఖద్దిమా' కూడా సమాజాల ఉత్థాన పతనాలకు కారణాలు వెదికిన గ్రంథమే కదా.

ఇక గేముల విషయం. పిల్లవాడు రాత్రంతా ఫోనులో ఆడటం వేరు, గేమును తయారు చేయడం వేరు. తయారీకి ప్రోగ్రామింగ్ కావాలి, త్రికోణమితి కావాలి, బొమ్మ గీయగల చేయి, కథ చెప్పగల నేర్పు కావాలి. ఆడటంలో ఆరితేరినవాడు తయారీలో రాణిస్తాడన్న హామీ ఏమీ లేదు. జూదం సంగతి మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025లో పార్లమెంటు కూడా చట్టం చేసింది. షరీఅత్ సరేసరి. అటువంటి ఆటల తయారీలో ఉద్యోగం దొరికినా మనవాడు వెళ్ళకూడదు. పిల్లలకు లెక్కలు నేర్పే ఆట, తెలుగులో కథ చెప్పే ఆట తయారు చేస్తానంటే ఆపవలసిన పని లేదు.

అమెరికాలోని కమ్యూనిటీ కళాశాలల్లో ఈ రెండు విద్యలూ ఒకే ప్రాంగణంలో దొరుకుతాయి. తక్కువ ఫీజుతో 2 సంవత్సరాలు చదివి, పిదప విశ్వవిద్యాలయానికి మారవచ్చు. మన దేశంలో యు.జి.సి. 2013లో ఇటువంటి పథకం తెచ్చింది గాని, అది మన వీధుల వరకు రాలేదు. ఉన్న దారులు చూసుకుందాము. సోషియాలజీకి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉన్నది. ఉర్దూ మాధ్యమం కోరేవారికి గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం ఉన్నది.

గేమ్ కోర్సులకు ప్రైవేటు సంస్థలు లక్షలు అడుగుతాయి. డబ్బు కట్టే ముందు అబ్బాయిని ఆరు నెలలు ఇంట్లోనే పరీక్షించండి. గోడో, బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. ఒక మామూలు కంప్యూటరు మీద వాటితో ఒక చిన్న ఆటనైనా మొదటి నుండి చివరి వరకు పూర్తి చేయమనండి. చేసి చూపితే సంస్థకు వెళ్ళి, పట్టా ఏ విశ్వవిద్యాలయం ఇస్తుందో, గత సంవత్సరం విద్యార్థులు ఎక్కడ పని చేస్తున్నారో వ్రాతపూర్వకంగా అడగండి. ఆ ఆరు నెలలలో అమ్మాయి డిగ్రీ ఫీజు మాత్రం ఆపకండి.