పొగరా? అభిమానమా?

"ఆవిడకి పొగరండీ!" అనే మాట భానుమతిగారి గురించి అన్నంతగా ఇంకెవరి గురించీ అని ఉండరు.

'మిస్సమ్మ' ముచ్చట మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మొదట ఆ వేషం ఆవిడదే. కొన్ని రీళ్లు తీశారు కూడా. షూటింగుకి ఆలస్యంగా వచ్చారన్న దగ్గర మాట పట్టింపు వచ్చింది. క్షమాపణ చెప్పాలన్నారు చక్రపాణిగారు. చెప్పనన్నారు భానుమతిగారు. అంతే! తీసిన రీళ్లు తగలబెట్టేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండో వేషానికి అనుకున్న సావిత్రి మిస్సమ్మ అయింది. ఆ రెండో వేషం జమునకి దక్కింది. 1955లో సినిమా వచ్చింది, సావిత్రి దశ తిరిగింది!

ఒక్క ముక్క అనేస్తే పోయేదేముంది అంటారా? నిజమే. బంగారంలాంటి వేషం చేజారింది. కానీ ఒకటి చూడండి. ఆవిడ పట్టుదలకి పోయింది ఆవిడ వేషమే. ఆయన పంతానికి పోయింది ఆయన ఫిల్మే. ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. పైగా భానుమతిగారు సావిత్రి మీద అక్కసు పెట్టుకోలేదు, మెచ్చుకున్నారు. మెచ్చుకోగలిగారంటే కారణముంది. అంతకు రెండేళ్ల ముందే, 1953లో, 'చండీరాణి'ని మూడు భాషల్లో తనే డైరెక్టు చేసిన మనిషి. తన పాట తనే పాడుకునేవారు. కథలు రాశారు. 1984లో 'మంగమ్మగారి మనవడు'లో బామ్మగా వచ్చి హాళ్లు నింపారు. ఒక్క వేషం పోతే కుంగిపోయే గర్వం కాదది!

ఇక రెండో రకం. 1977లో 'దాన వీర శూర కర్ణ'లో ఎన్టీఆర్ సుయోధనుణ్ణి చూసి ఈల వేయని కుర్రాడెవడు? తెర మీద ఆ దర్పం ముచ్చటే! కానీ కథలో ఐదూళ్లివ్వనన్న పంతం ఒక్కడిది. కూలింది పద్దెనిమిది అక్షౌహిణులు. కడుపుకోత గాంధారిది.

మన తెలుగులో తమాషా ఉంది. 'అభిమానం' అంటే తన మీద తనకుండే గౌరవమూ అవుతుంది, ఇంకొకరి మీద ఇష్టమూ అవుతుంది. ఈ రెండూ కలగాపులగం అయితేనే చిక్కు. హీరోగారి పొగరు అరువు తెచ్చుకుని, ఎదుటి హీరో పోస్టరు మీద పేడ కొట్టి, పక్కవాడి చొక్కా పట్టుకునే అబ్బాయిది ఏ అభిమానం? హీరో చెమటోడ్చాడు. ఇతగాడు టిక్కెట్టు కొన్నాడు, అంతే! తల పగిలితే కుట్లకి డబ్బు కట్టేది పాపం వాళ్ల నాన్న.

గర్వపడండి, తప్పు లేదు. కాకపోతే ముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. దీని వెనక నేను చేసిన పని ఏమైనా ఉందా? దీని ఖరీదు ఎవరి జేబులోంచి పోతోంది? 'ఉంది', 'నా జేబులోంచే' అని జవాబొచ్చిందా... లోకం పొగరంటే అననీండి, తలెత్తుకు తిరగండి. రాలేదా, చొక్కా వదిలేసి హాల్లోకి పదండి. టైటిల్స్ పడుతున్నాయి!