కూతకు వచ్చిన జింక

అలాస్కా రాష్ట్రపు ఆగ్నేయభాగమున, పసిఫిక్ సముద్రతీరము వెంట, టాంగస్ అను మహారణ్యము కలదు. అమెరికా సంయుక్తరాష్ట్రముల జాతీయారణ్యములలో ఇదియే పెద్దది. విస్తీర్ణము సుమారు 1 కోటి 70 లక్షల ఎకరములు. ఏడాది పొడవునను వానలే. స్ప్రూస్, హెమ్లాక్ వృక్షములు ఆకసము నంటుచుండును. నేలయంతయు నాచు, పొదలు, కూలిన మ్రాకులు. ఏబది గజముల దూరమున నున్న మృగము కూడ తరచుగా కానరాదు.

ఈ యడవిలో సిట్కా నల్లతోక జింక నివసించును. మామూలు దినములలో అది మిక్కిలి జాగరూకత గలది. పుల్ల విరిగిన చప్పుడైన చాలు, పొదలలో మాయమగును. నవంబరు వచ్చుసరికి మగజింక స్వభావము మారును. అది జతకూడు కాలము. మెడ ఉబ్బును, మేత తగ్గును. ఆడుజింక వాసన పట్టి రేయనక పగలనక తిరుగును. అప్పుడు వేటగాడు చెక్కముక్కల నడుమ బిగించిన రబ్బరు పట్టీని ఊది జింక కూతను అనుకరించును. ఆ కూత విని మగజింక తనంత తానే తుపాకి యెదుటికి వచ్చును. ఒక్కొక్కప్పుడు జింకకు బదులు ఎలుగుబంటి వచ్చుటయు కలదు!

ఇట్టి వేట న్యాయమా? మహాభారతమున పాండురాజు జతకూడియున్న లేళ్ళను కొట్టి, మృగరూపమున నున్న కిందమ మునిచే శాపము పొందెను. వేటాడుట రాజునకు తప్పు కాదనియు, ఆ సమయమున కొట్టుటయే తప్పనియు ముని వాదము. ఆ కథ నెరిగినవారు అలాస్కా వేటగానిని వెంటనే నిందింతురు.

కాని అచ్చటి సంగతి కొంత వేరు. ట్లింగిట్, హైదా ప్రజలు తరతరములుగా ఈ జింకమాంసము నెరిగినవారు. పెక్కు పల్లెలకు రోడ్డు లేదు. అంగడి సరకు పడవపైనో విమానముపైనో రావలెను. 1980 నాటి చట్టము ఫెడరల్ ప్రభుత్వ భూములలో ఆహారము కొరకైన వేటకు గ్రామీణులకే ప్రాధాన్యము నిచ్చినది. ఒక మగజింక పెక్కు ఆడుజింకలతో జతకూడును గనుక, కొన్ని మగజింకలు పోయినంత మాత్రమున మంద తరిగిపోదు. జింకలను ఎక్కువగా పొట్టన పెట్టుకొనునది లోతైన మంచు. ముదిరిన వృక్షముల కొమ్మలు ఆ మంచును ఆపి, క్రింది మేతను దక్కనిచ్చును. వాటిని నరికిన చోట మరల మొలచు చెట్లు దట్టమై, ఎన్నో యేండ్లు నేలకు వెలుతురు తగులనీయవు. వెలుతురు లేనిచోట మేత లేదు. ఈ నష్టమును గూర్చి పలుకక నవంబరు వేటగానిని మాత్రము తిట్టుట తేలిక.

అయినను అతని భారము తక్కువది కాదు. దాగియుండగల మృగమును మోసపుకూతతో రప్పించినవాడు గురి నిశ్చయమైనగాని కాల్చరాదు. తినదగిన మాంసమును అడవిలో వదలి కొమ్ములు మాత్రము కొనిపోవుట అలాస్కాలో నేరము. ఇది మంచి చట్టమే. కాని గాయపడి తప్పించుకొన్న జింక సంగతి చట్టమున కంత సులభముగ అందదు. అది కొంతదూరము పరుగెత్తి పొదలలో కూలును. వానకు నెత్తుటిజాడ చెరగును. నవంబరులో సాయంత్రము నాలుగు గంటలు దాటగనే చీకటి ముసురును. ఆ వేళ వేటగాడు దీపము పట్టి పొదపొదయు వెదకునో, పడవ యొద్దకు మరలిపోవునో చూచుటకు అచ్చట ఎవ్వరును ఉండరు.