పేరులోని న్యాయం

అందరూ స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొని, పంచుకోదగిన కంప్యూటర్ నిర్వహణ వ్యవస్థను నిర్మించాలని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ‘గ్నూ’ ప్రణాళికను ప్రకటించారు. కంపైలర్, షెల్ మొదలైన ఉపకరణాలెన్నో సిద్ధమైనా, యంత్రభాగాలను నడిపించే కెర్నల్ మాత్రం పూర్తి కాలేదు. ఆ కొరతను ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తీర్చారు. ఆయన 1991లో లినక్స్ కెర్నల్‌ను వెలువరించి, 1992లో దానిని గ్నూ లైసెన్సు కిందికి తెచ్చారు. రెండూ కలిసి సమగ్ర వ్యవస్థ ఏర్పడింది. పేరు మాత్రం లినక్స్‌కే దక్కింది.

దానిని ‘గ్నూ/లినక్స్’ అనాలని స్టాల్‌మన్ కోరిక. పేరును వాడుకే నిర్ణయిస్తుందనీ, శ్రమించిన వారందరినీ పేరులో చేర్చడం అసాధ్యమనీ ఇతరుల వాదం. ఇందులో కొంత సత్యం లేకపోలేదు. కాని ఆండ్రాయిడ్‌లో లినక్స్ కెర్నల్ ఉన్నా గ్నూ వ్యవస్థ లేదు. భిన్నమైన రెండింటినీ ఒకే పేరుతో పిలిస్తే భేదం మరుగున పడుతుంది.

అరణ్యపర్వ శేషాన్ని ఎఱ్ఱన నన్నయ పేరిటనే పూరించాడు. అయినా తెలుగువారు ఆయనను మరువక కవిత్రయంలో నిలుపుకొన్నారు. కోరనివారినే అట్లు స్మరించిన లోకం, కోరినవారిని విస్మరించడం న్యాయం కాదు. పేరు మరుగైతే, ఆ పేరు మోసిన స్వేచ్ఛాశయమూ క్రమంగా మరుగౌతుంది. ఒక్క అక్షరం అధికంగా పలకడం అందుకు పెద్ద మూల్యమేమీ కాదు.