మెసేజ్ వెళ్తుంది, మాట వెళ్లదు

మన క్లాసులో ఎవరింట్లోవాళ్లైనా దుబాయ్ వెళ్తున్నారంటే వెంటనే ఒక సలహా రెడీ: "హోటల్ వైఫైలో వాట్సాప్ కాల్ కలవకపోతే ఏదో ఒక ఫ్రీ వీపీఎన్ వేసుకోమను, అంతే." నా గొడవంతా ఆ "అంతే" మీదే.

కాల్ కలవకపోవడానికి కారణాలు రెండు రకాలు. మొదటిది హోటల్‌ది. ఒక వాయిస్ కాల్‌కి సెకనుకి 100 కిలోబిట్లు సరిపోతాయి. కాబట్టి స్పీడ్ టెస్ట్‌లో 50 ఎంబీపీఎస్ చూసి మురిసిపోనక్కర్లేదు. మాటకి కావాల్సింది ప్యాకెట్లు ఆగకుండా, ఒకే తీరుగా రావడం. రాత్రిపూట అన్ని గదుల్లో వీడియోలు నడుస్తుంటే గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తుంది. ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తే కాల్ కలవడమే కష్టం. అప్పుడు లోకల్ సిమ్ డేటాకి మారితే చాలాసార్లు పనైపోతుంది.

రెండోది దేశానిది. యూఏఈలో వాట్సాప్ మెసేజ్ వెళ్తుంది, కాల్ వెళ్లదు. అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఒప్పుకున్న బోటిమ్ లాంటి యాప్‌లే దిక్కు. హోటల్ మారినా, సిమ్ మారినా అంతే. అక్కడ వీపీఎన్ ఉండటమే నేరం కాదు. కానీ ఐపీ అడ్రస్ దాచి నేరం చేస్తే, 2021 నాటి చట్టం కింద జైలు, లేదా 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా, లేదా రెండూ. సలహా ఇచ్చేది ఇబ్రహీంపట్నం హాస్టల్లో కూర్చున్న మనం. భయపడుతూ వాడాల్సింది అక్కడ ఉన్న మనిషి.

ఇది టెక్నాలజీ చేతకానితనం కాదు. మన దేశం ఇంటర్నెట్ టెలిఫోనీకి 2002 ఏప్రిల్ 1 నుంచే అనుమతి ఇచ్చింది. సౌదీ 2017 సెప్టెంబర్‌లో అడ్డు తీసేసింది. యూఏఈ కూడా తీసేయాలనే నేనంటాను. ఇల్లు వదిలి పనికి పోయినోళ్లకి ఇంటివాళ్ల గొంతు వినడం లగ్జరీ కాదు కదా.

అప్పటిదాకా మన చేతిలో ఉన్న పని చిన్నదే. మా రూమ్మేట్‌ది జగిత్యాల. వాళ్ల బాపు దుబాయ్ పోయే ముందే ఇద్దరి ఫోన్లలో బోటిమ్ వేసి, వాళ్లమ్మతో నాలుగుసార్లు కాల్ చేయించి చూశాడు. అరగంట కూడా పట్టలేదు. సీఎస్‌ఈ చదువుతున్నామని చెప్పుకునే మనం ఇంట్లోవాళ్లకి ఇవ్వాల్సింది ఆ అరగంట. "వీపీఎన్ వేసుకో, అంతే" అని చెప్పి చేతులు దులుపుకోవడం కాదు.