ఇంటిలో తుపాకుల యంగడి

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక గృహస్థు తన నివాసగృహమునందే తుపాకులు విక్రయించుటకు ప్రభుత్వమువారి లైసెన్సు పొందవచ్చునని వినినప్పుడు మన పాఠకులకు ఆశ్చర్యము కలుగుట సహజము. ఇచ్చట 1959వ సంవత్సరపు ఆయుధ చట్టము క్రింద, చేనిలో పడు అడవిపందులను తోలుటకు ఒక్క తుపాకి కావలెనన్నను రైతు కలెక్టరు కచేరి చుట్టు తిరుగవలసియుండును. అచ్చటనో, ఇరువదియొక్క యేండ్లు నిండినవాడు, నేరచరిత్ర మొదలగు నిషేధములకు లోనుగానివాడు, వర్తకమునకు తగిన స్థలము కలవాడు దరఖాస్తు పెట్టుకొనినచో, అధికారులు 60 దినములలో ఏదో యొక నిర్ణయము చేయవలెను. అర్హతలన్నియు కలవానికి లైసెన్సు ఈయకుండుటకు వారికి స్వేచ్ఛ లేదు. దీనిని చూచి పరిహసించుట సులభమే, మెచ్చుకొనుటయు సులభమే. ఆ రెండింటిని విడిచి, ఆ పద్ధతి ఎట్లు నడచుచున్నదో, ఎచ్చట సడలుచున్నదో విచారించుట మేలని మాకు తోచుచున్నది. తెలుగు కుటుంబములు వేలకొలదిగ ఆ దేశమున కాపురముండుటచేత వారి పొరుగింట జరుగు వర్తకము మనకు బొత్తిగా పరాయి విషయము గాదు. (తాత్కాలిక వీసాలపై ఉద్యోగములకు పోయిన మన యువకులకు, వేట యనుమతి కలిగియుండుట వంటి కొన్ని మినహాయింపులు తప్ప, అచ్చట తుపాకి కలిగియుండుటయే నేరమన్న సంగతిని ప్రసంగవశమున జ్ఞాపకము చేయుచున్నాము.)

ఆ దేశమున తుపాకుల వర్తకునకు కేంద్రప్రభుత్వపు లైసెన్సు 1938వ సంవత్సరపు చట్టముతో వచ్చినది. దానికి రుసుము ఒక్క డాలరు. 1963 మార్చిలో ఒకడు మారుపేరుతో టపా ద్వారా ఒక రైఫిలు తెప్పించుకొనెను; అదే సంవత్సరము నవంబరులో అధ్యక్షుడు కెనడీ దానికి బలియయ్యెను. అటుపిమ్మట 1968వ సంవత్సరపు చట్టము అట్టి టపా వర్తకమును నిషేధించినది. నాటినుండి పొరుగు రాష్ట్రమునుండి తెప్పించుకొను తుపాకి కొనువాని చేతికి నేరుగా పోరాదు. అతని యూరనున్న లైసెన్సుదారునకు చేరి, అతని పుస్తకములో ఎక్కి, పిమ్మటనే కొనినవానికి ముట్టవలెను. ఈ విధముగా లైసెన్సుదారుడు వట్టి వర్తకుడు గాక ద్వారపాలకుడైనాడు. ఇంతటి యధికారమునకు ఏటికి పది డాలర్లే రుసుము! అందుచే అమ్ముటకు గాక, తమకు కావలసినవి టోకు ధరకు కొనుటకే లైసెన్సులు తీసినవారు బహుసంఖ్యాకులైరి. 1990ల యారంభమున అన్ని తరగతుల లైసెన్సులును కలసి రెండు లక్షల ఎనుబది వేలు దాటినవి. వారిలో అంగడి గలవారు కొందరే. ఇంటిలోనుండి వర్తకము చేయువారికి భోజనపుబల్ల వర్తకులని ఆ దేశమున పరిహాసనామము కలిగినది.

1993, 1994 సంవత్సరములలో చేసిన చట్టములు ఈ స్థితిని మార్చినవి. మొదటి మూడేండ్లకు 200 డాలర్లు, తరువాత ప్రతి మూడేండ్లకును 90 డాలర్లు చెల్లించవలెను. ఫొటోయు, వ్రేలిముద్రలును ఈయవలెను. దరఖాస్తు పెట్టిన సంగతి స్థానిక పోలీసు ముఖ్యాధికారికి తెలుపవలెను. తన వర్తకము ఆ యూరి చట్టములకు విరుద్ధము గాదని ధ్రువపరుపవలెను. 2000 నాటికి లైసెన్సులు లక్షకు కొంచెము మించి మాత్రమే మిగిలినవి. రుసుము పెరుగుటచేతనే ఇది జరిగినదని పలువురందురు. మేమట్లు తలంపము. మూడేండ్లకు 200 డాలర్లు ఆ దేశమున ఒక తుపాకి వెలకైనను చాలునో చాలదో! పురపాలకుల నిబంధనను పాటింపవలసివచ్చుటయే బరువైన షరతు. జనులు కాపురముండు వీథిలో వర్తకము చేయుటకు అనేక పట్టణముల నిబంధనలు ఒప్పుకొనవు. ఒప్పుకొనినను వేరుగా అనుమతి పొందవలెను. పొరుగువాని క్షేమమునకు చట్టములో చోటు దొరకినది ఈ యొక్క తావుననే.

ఇక గృహమునకును అంగడికిని గల భేదమును గూర్చి. జనులకు ఏ భాగమును తెరచియుంచని నివాసగృహము వర్తకస్థలము కానేరదని అచ్చటి నిబంధన స్పష్టముగా చెప్పుచున్నది. కావున ఇంటిలో ఒక గదినైనను కొనుగోలుదారులకు తెరువవలెను. అధికారికిని తెరువవలెను. 1972లో బిస్వెల్ అను వ్యాజ్యెమున, తాకట్టువ్యాపారి యొకడు తుపాకులుంచిన గదికి తాళము వేసికొనియుండగా అధికారి వారంటు లేకయే తెరిపించి చూచుట చెల్లునని అచ్చటి సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఇంత కట్టుదిట్టమైన వర్తకమునకు తానై పూనుకొని లైసెన్సు పుచ్చుకొనినవాడు, తన పుస్తకములును సరుకును తనిఖీకి లోబడునని ఎరిగియే పుచ్చుకొనినాడని దాని సారాంశము. 1986వ సంవత్సరపు చట్టము ఇట్టి సాధారణ తనిఖీని పన్నెండు నెలలకు ఒక్కసారికి పరిమితము చేసినది. ఇంటి వర్తకునకు ఇది అల్పమైన విషయము గాదు. పిల్లలు చదువుకొను గదికిని సరుకున్న గదికిని నడుమ గోడ యొక్కటే యుండవచ్చును. అయినను ఈ తీర్పు న్యాయమేయని మా యభిప్రాయము. వర్తకలాభము కావలెనన్నప్పుడు అంగడి, తనిఖీ వచ్చినప్పుడు గృహము అనుట చెల్లదు.

పూర్వము ఇరువది యేండ్లు భద్రపరచిన చాలునన్న కాగితములను, 2022నుండి వర్తకము సాగినంతకాలము భద్రపరుపవలెనని నిర్ణయించిరి. 1998 నవంబరునుండి కొనువాని పూర్వచరిత్రను తక్షణమే విచారించు ఏర్పాటు నడచుచున్నది. కాగితముమీద లోపము తక్కువ. లోపము ఆచరణలో ఉన్నది. ఐదేండ్లలో ఒక్కసారియైనను తనిఖీ జరుగని లైసెన్సుదారులు సగముకంటె ఎక్కువ మందియని అచ్చటి న్యాయశాఖ తనిఖీ కార్యాలయమే 2013లో ప్రకటించినది. 2021లో తప్పుచేసిన వర్తకుల లైసెన్సులను కఠినముగా రద్దుచేయు విధానము పెట్టిరి. 2025లో దానిని ఉపసంహరించిరి. అధ్యక్షుడు మారినప్పుడెల్ల త్రాసు మారుచున్నచో, నిజాయితీగల వర్తకునకు నిలుకడ లేదు, కపటికి భయము లేదు.

ఇంటి వర్తకులు తమ పక్షమున ఒక లెక్క చూపుదురు. నేరములలో పట్టుబడి, వ్యాపారము సాగించుచున్న వర్తకులవని తేలిన తుపాకులలో నూటికి 57, నూటికి ఒక్కరికి కొంచెము మించిన వర్తకులవేయని 2000వ సంవత్సరపు ప్రభుత్వ నివేదిక తెలిపినది. తక్కినవారమెల్ల నిర్దోషులమని వారి వాదము. అందు సత్యము లేకపోలేదు. పల్లెపట్టున తుపాకులు మరమ్మతు చేసికొను వృద్ధుడు లైసెన్సు కలిగియుండుటచేత ఎవనికిని కీడు లేదు. కాని ఆ ఒక్కరు ఎవరో పుస్తకము విప్పి చూడనిదే తెలియుట యెట్లు? మరియొక సంగతి. దొంగతనము జరిగినచో 48 గంటలలో తెలుపవలెనని 1994వ సంవత్సరపు చట్టము శాసించినదే కాని, సరుకును ఏ విధముగా భద్రపరుపవలెనో కేంద్రచట్టము చెప్పలేదు. ఇల్లినాయి వంటి కొన్ని రాష్ట్రములు ఆ లోటును తమంతట తాము తీర్చుకొనినవి. ఇల్లినాయి 2019లో చట్టము చేసినది. గుర్రము పోయిన పిమ్మట సాలకు తలుపు పెట్టినట్లు, దొంగ పోయిన పిమ్మట తెలుపవలసిన గడువును మాత్రము నిర్ణయించుట విచిత్రము.

క్రొత్తగా లైసెన్సు కోరినవాని యింటికి అధికారి వచ్చి, ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించి పోవుచున్నాడు. మూడేండ్లకు లైసెన్సు పునరుద్ధరించుటకు మాత్రము దరఖాస్తును, 90 డాలర్లును పంపిన చాలును. ఎవ్వరును గడప త్రొక్కనక్కరలేదు. ఈ నడుమ ఇంటిలోనివారు మారియుండవచ్చును, తాళము మారియుండవచ్చును, పుస్తకము వ్రాయుట మానియుండవచ్చును. ఒక అధికారి వచ్చి పుస్తకమును సరుకును సరిచూచినగాని పునరుద్ధరణము జరుగరాదని అచ్చటి శాసనసభ ఒక్క వాక్యము చేర్చి, అందుకు చాలినంత మంది తనిఖీదారులకు ధనము మంజూరు చేయవలెను.