ట్యూబు కొనేముందు పరీక్ష!

వానలు మొదలైతే వారాసిగూడ ఇళ్లలో, ఉస్మానియా క్యాంపస్ హాస్టళ్లలో బట్టలు ఓ పట్టాన ఆరవు. తడి లోదుస్తులు, చెమట, ఒకరి తువ్వాలు ఇంకొకరు వాడటం... ఫంగస్‌కు ఇంతకంటే ఏం కావాలి? మధుమేహం ఉంటే ముప్పు మరింత ఎక్కువ.

తొడల మధ్య, నడుం దగ్గర ఎర్రటి అంచుతో గుండ్రని మచ్చ వచ్చి దురద పెడితే అది తామర కావచ్చు. కాలివేళ్ల సందుల్లో చర్మం నాని తెల్లబడినా ఫంగస్‌నే అనుమానించాలి. ఛాతీ, వీపు మీద సన్నని పొట్టుతో పాలిపోయిన మచ్చలుంటే శోభి కావచ్చు. ఇది తామరలా ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు.

మనమేమో మందుల షాపుకెళ్లి ‘దురదకు ట్యూబు ఇవ్వండి’ అంటాం. అందులో స్టిరాయిడ్ ఉంటే దురద, ఎరుపు త్వరగా తగ్గుతాయి. ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. పూత ఆపగానే తిరగబెడుతుంది. మచ్చ రూపం మారిపోయి డాక్టరుకూ పోల్చుకోవడం కష్టమవుతుంది. అందుకే 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను చీటీ లేనిదే అమ్మకూడదని 2018లోనే ప్రభుత్వం నిబంధన పెట్టింది. టెర్బినాఫిన్ మందుకు తరచూ లొంగని తామర ఫంగస్ ఒకదానికి 2020లో పెట్టిన పేరు ‘ట్రైకోఫైటాన్ ఇండోటినియే’. ఆ పేరులోనే మన దేశం ఉంది!

నిర్ధారణ పెద్ద పనేం కాదు. మచ్చ అంచున పొట్టు గీకి, కేవోహెచ్ ద్రావణం వేసి మైక్రోస్కోపులో చూస్తే ఫంగస్ పోగులు కనిపిస్తాయి. దగ్గర్లోని గాంధీ ఆసుపత్రిలోనూ చర్మవ్యాధుల విభాగం ఉంది. మచ్చ మాయమైనా డాక్టరు చెప్పినన్ని రోజులూ మందు వాడండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ చూపించండి. ఎవరి తువ్వాలు వారిదే!