సామాజిక మాధ్యమములు – ఉత్థానపతనములు

జనులు సరకులకొఱకే సంతకు వత్తురనుట సగము నిజము. నలుగురు కూడుదురు కనుకనే ఐదవవాడును వచ్చును. కంప్యూటరు తెరపై వెలసిన సామాజిక మాధ్యమములకు బలము ఈ కూడికయే. పతనమునకు మూలమును అదియే. ఒకడు వెడలినచో, వానికొఱకు వచ్చినవాడును అచట నిలువడు.

అమెరికాలో 2003లో పుట్టిన మైస్పేస్ చరిత్ర ఇందుకు నిదర్శనము. ఊరు పేరు తెలియని గాయకులు సైతము తమ పాటలను అందుంచి లోకమునకు వినిపించిరి. రెండేండ్లు గడచునప్పటికి న్యూస్ కార్పొరేషన్ దానిని 58 కోట్ల డాలర్లకు కొనెను. 2006లో గూగుల్ సంస్థ ప్రకటనలకై 90 కోట్ల డాలర్లిచ్చుటకు ఒడంబడిక చేసికొనెను. చూచువారి సంఖ్య తగ్గరాదని అందొక నియమము. పుటలన్నియు ప్రకటనలతో క్రిక్కిఱిసి, తెఱచుకొనుటకే ఆలస్యమగుచుండెను. ఇంతలో 2004లో హార్వర్డు విద్యార్థుల నడుమ పుట్టిన ఫేస్‌బుక్, 2006లో పదుమూడేండ్లు నిండినవారందఱికి ద్వారము తెఱచెను. జనమటు మరలిరి. 2011లో మైస్పేస్ అమ్ముడుపోయిన వెల సుమారు మూడున్నర కోట్ల డాలర్లు!

ధనికుల నష్టమునకై విలపింప నక్కఱలేదు. క్రొత్తవాడు పాతవానిని మించుట వర్తకమున సహజము. ఒక్కొక్కప్పుడు మేలు కూడ. వగవదగినది వేఱొకటి కలదు. సమాచారమును ఒక సర్వరునుండి వేఱొకదానికి మార్చునపుడు, తొలి పండ్రెండేండ్లలో జనులు చేర్చిన పాటలును చిత్రములును నశించెనని 2019లో వెల్లడియయ్యెను. అమ్మినవారును కొన్నవారును తమ లాభనష్టములను వ్రాసికొనిరి. ఆ పాటలు పాడినవారి నష్టము ఏ పద్దులోనికి ఎక్కెను?

భారతదేశమునను బ్రెజిల్లోను యువజనులకు ప్రీతిపాత్రమైన ఆర్కుట్‌ను గూగుల్ సంస్థ 2014 సెప్టెంబరు 30న మూసివేసెను. అదియును పతనమే. అయినను మూడు నెలల ముందుగా చాటించి, ఎవరి చిత్రములను, వ్రాతలను వారు తీసికొనుటకు 2016 సెప్టెంబరు వఱకు గడువిచ్చెను. అంగడి కట్టివేయువాడు, దాచుమని ఒరులిచ్చిన సొమ్మును తిరిగి యిచ్చిపోవుట వంటిది ఈ పని.

ఇట్టి మర్యాదను సంస్థల దయకు విడువరాదు. చట్టమే దానిని విధింపవలెను. ఐరోపా సమాఖ్యలో 2018 నుండి, తానొక సంస్థకిచ్చిన వివరములను తిరిగి తీసికొని వేఱొకచోటికి కొనిపోవు హక్కు ప్రతివానికి కలదు. సంస్థ నిలిచియుండగనే నకలు చేతికి వచ్చును. భారతదేశమున 2019లో పార్లమెంటు ముందుంచిన బిల్లులో అట్టి హక్కు ఉండెను. 2023లో వెలువడిన చట్టమున దానికి చోటు దొరకలేదు.